రొంటిన దోపిన స్కైలైన్

మా ఇంటికొచ్చి నా బండ్ల అర చూసినోళ్ళందరూ ఒకే మాట అడుగుతారు: "ఆ నీలం డబ్బా ఒక్కటి ఎందుకు తెరవనీయవు?" నేను ముఖం గంభీరంగా పెట్టి, "తెరిస్తే విలువ పడిపోతుంది నాయనా" అంటాను. వాళ్ళు తల ఊపి కాఫీ తాగి పోతారు. ఆ డబ్బా వెనక ఒక ఘోరం ఉండాది. ఆరేండ్లు కడుపులో దాచినాను, ఇంక మోయలేను. ఈరోజు చెప్పేస్తాను. చదివి నవ్వితే నవ్వండి గానీ, మా ఆవిడ మీద మాత్రం జాలి పడొద్దండి. ఆమెకు అవసరం లేదు.

నేను చిత్తూరులో ముప్పై నాలుగేండ్లు డ్రైవింగ్ స్కూలు మాస్టర్ని. అంటే ముప్పై నాలుగేండ్లు ఎడమపక్క సీట్లో కూచొని, ఇంకొకరు తోలే బండికి నేను బ్రేకు తొక్కినాను. పదివేల మందికి నేర్పించినా. సరే, పదివేలు కాదు, రెండువేలు ఉండొచ్చు. అందులో ఒకాయన్ను మూడుసార్లు లెక్కపెట్టినా, ఆయన మూడుసార్లు నేర్చుకున్నాడు కాబట్టి. బతుకంతా గంటకు ముప్పై దాటలేదు. అట్లాంటోడికి పని మానినాక వేగం మీద మోజు పుడితే ఎట్లుంటుంది? ఎండుగడ్డి వామిలో బీడీ పడేసినట్టుంటుంది.

నిజం బండి కొనే తాహతు లేదు. అరచేతిలో ఇమిడే, లోహంతో పోతపోసిన బొమ్మ బండ్లు కొనడం మొదలుపెట్టినా. అదీ జపాను స్పోర్ట్స్ కార్లే. ఎందుకంటే వాళ్ళూ మన మాదిరే ఎడమపక్క పోతారు, స్టీరింగ్ కుడిపక్క ఉంటుంది. మాస్టరు కంటికి అది ముఖ్యం. జర్మనీ బండిని చూస్తే నా సీట్లో స్టూడెంటు వచ్చి కూచున్నట్టు ఒళ్ళు మండుతుంది.

అట్లా నూటయాభై బండ్లు కూడబెట్టినా. మా ఆవిడ రాజమ్మ ఈ వాక్యం చదివితే "ముప్పై" అంటుంది. వాటి దుమ్ము దులిపేది ఆమే కాబట్టి ఆమె చెప్పిందే సరి.

ముప్పై ఉన్నా ఒకటి లేదు. నీలం రంగు స్కైలైన్ అనే జపాను బండి. తిరుపతిలో మునిరత్నం బొమ్మల అంగడికి అట్టపెట్టె వచ్చినప్పుడల్లా బస్సెక్కి పోయేవాణ్ణి. పెట్టెలో అది ఒకటి ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేదు. ఉన్నరోజు మాత్రం నాకంటే ముందు నగరి నుంచి ఒక పళ్ళ డాక్టరు దిగేవాడు.

"వచ్చిందా మునిరత్నం?"

"వచ్చె, పాయ అన్నా. డాక్టరు ఇప్పుడే ఎత్తుకోని పాయ."

"నాకొక ఫోను కొట్టలేకపోతివా?"

"కొడితిని అన్నా. వదినె ఎత్తి, ఆయన బండ్లు తుడస్తా ఉండాడు, తీరిక లేదు అనె."

రెండేండ్లు ఇదే కథ. ఒకరోజు ఉత్తచేతుల్తో ఇంటికొచ్చి, చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా వెంకటేశ్వరస్వామి పటం ముందర నిలబడినా. "స్వామీ, ఆ నీలం బండి నా చేతికి రానీ. నీ కొండకొచ్చి నిలువుదోపిడీ ఇస్తా."

తెలియనోళ్ళకు చెప్తాను. నిలువుదోపిడీ అంటే, మొక్కు తీర్చే రోజు ఒంటి మీద ఏముంటే అది, నగా నట్రా, వాచీ, జేబులో డబ్బు, ఏదీ దాచుకోకుండా హుండీలో వేసెయ్యడం. బిడ్డల ప్రాణాల మీదికొస్తే మొక్కుకునే మొక్కు అది. నేను బొమ్మ బండికి మొక్కినా.

వంటింట్లో పోపు గరిటె చప్పుడు ఆగిపోయింది.

"ఏమంటివి?"

"ఏం లేదే."

"నిలువుదోపిడీ అంటివి. నా చెవిన పడె."

"ఏదో మాటవరసకు అన్నాలే."

"మాటవరసకు అనేదానికి ఆయనేమన్నా మునిరత్నమా?"

సరిగ్గా పదకొండో దినం పొద్దున ఫోను. "అన్నా, నీలం. డాక్టరు పెండ్లికి పొయ్యినాడంట. ఎగురుకుంటా రా." ఎగురుకుంటానే పోయినా. డబ్బా తెరిచి అరచేతిలో పెట్టుకుంటే, ఆ చక్రాల సందుల్లో గోరంత బ్రేకు బిళ్ళలు కూడా పెట్టినారు. ముప్పై నాలుగేండ్లు బ్రేకు తొక్కినోడి కండ్లలో నీళ్ళు తిరిగినాయి. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

ఆ రోజు నుంచి రాజమ్మ కాఫీ గ్లాసుతో పాటు ఒక ప్రశ్న కూడా ఇచ్చేది. "మొక్కు ఎప్పుడు తీరస్తావు?" వారం ఓర్చుకున్నా. అప్పుడు నా బుర్రలో ఒక బల్బు వెలిగింది. ఒంటి మీద ఏముంటే అది ఇస్తానన్నా. ఏముండాలో స్వామి చెప్పలేదే?

బయలుదేరే ముందర, పెండ్లిలో మా మామ పెట్టిన బంగారు ఉంగరం తీసి రాజమ్మ చేతిలో పెట్టినా. "కొండ మీద జనం ఎక్కువ. జారిపోతాది. నీ దగ్గరే పెట్టుకో."

ఆమె నన్నొకసారి చూసి, మాట్లాడకుండా కొంగున ముడేసుకునింది. ఆమె మాట్లాడనప్పుడే నేను బ్రేకు తొక్కాల్సింది. తొక్కకుండా గేరు మార్చినా. ఎప్పుడో నిలిచిపోయిన వాచీ కట్టుకున్నా. ఒక ఇత్తడి ఉంగరం వేలికి ఎక్కించినా. జేబులో పదిరూపాయల నోటు. దోచుకో స్వామీ, నిలువునా దోచుకో.

ఇంక బండి సంగతి. కొత్త బండి కొన్నోళ్ళు మొదట కొండ దారి పట్టించాల. ఇది నా దగ్గర నేర్చుకున్న ప్రతి ఒక్కరికీ చెప్పిన మాట. నా బండికి ఆ ముచ్చట లేకుండా ఎట్లా? డబ్బాను అరలో పెట్టి, బండిని చేతిరుమాల్లో చుట్టి, నడుం దగ్గర పంచె మడతలో భద్రంగా రొంటిన దోపుకున్నా. ఇందులో తప్పు యాడుండాదో మీకు అప్పుడే తెలిసిపోయుంటుంది. నాకు హుండీ దాకా తెలియలేదు.

తనిఖీ దగ్గర కాపలాదారు నడుం తడిమి ఆగినాడు. "ఏముండాది రొంటిన?"

"బండి సార్."

"బండా?"

రుమాలు విప్పి చూపించినా. ఆయన అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "బండెక్కి కొండకొచ్చినోళ్ళను చూసినా గానీ, బండిని ఎక్కించుకోని వచ్చినోణ్ణి ఇప్పుడే చూస్తా ఉండా. పో పెద్దాయనా" అన్నాడు. ఆడోళ్ళ తనిఖీ వేరే పక్క. రాజమ్మ చూడలేదనుకున్నా.

దర్శనం చల్లగా జరిగింది. తోసేస్తా ఉంటే కూడా రొంటిన చెయ్యేసి, "ఇదే స్వామీ, నువ్విచ్చిన బండి" అని చూపించినా. ఎంత తెలివైనోణ్ణో చూడండి. సాక్ష్యం నేనే చూపించుకున్నా.

హుండీ కాడికొచ్చినాము. పదిమంది చూసేట్టు చేతులెత్తి వాచీ వేసినా. ఉంగరం వేసినా. నోటు వేసినా. రాజ్యం ధారపోసిన మహారాజు మాదిరి రొమ్ము విరిచి తిరిగినా.

"అయిపాయనా?" అనింది రాజమ్మ.

"అయిపాయ."

"రొంటిన ఎత్తుగా ఉండేది ఏంది?"

"పొట్ట."

"పొట్టకు చక్రాలుంటాయా?"

"నిదానంగా మాట్లాడే. అది ఒంటి మీది సొమ్ము కాదు. వాహనం. వాహనం లెక్కలోకి రాదు."

"వాహనమైతే రోడ్డు మీద ఉండాల. రొంటిన ఏం పని?"

వెనక నుంచి ఒక ముసలామె, "ఏమప్పా, ఇస్తానన్నోడివి ఇచ్చేసి జరుగు. మాకూ మొక్కులుండాయి" అనింది. దేవుడు వదిలిపెట్టినా పెండ్లాం వదిలిపెట్టదు. పెండ్లాం వదిలినా వరసలో వెనకుండేటోళ్ళు వదలరు.

రుమాలు విప్పినా. పిడికిలి మాత్రం విప్పుకోలేదు. రెండేండ్ల బస్సు తిరుగుడంతా ఆ పిడికిట్లో ఉండాది. రెండువేల మందికి చెప్పినా, స్టీరింగ్ అంత గట్టిగా పట్టుకోవద్దు, వేళ్ళు వదులు చెయ్యి అని. ఆ పొద్దు నాకు నేనే చెప్పుకున్నా. వేళ్ళు వదులైనాయి. లోపల చిల్లర మీద పడి ఠంగుమనింది. నేను తోలిన బండ్లలో అంత వేగంగా పోయింది అదొక్కటే.

దిగే బస్సులో ఖాళీ రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నా. "సరేలే, మీ నాయన పెట్టిన ఉంగరమన్నా మిగిలె. ఇట్లియ్యి" అన్నా.

"యాడిది? నీకంటే ముందే వేసేసినా."

"ఎందుకే?"

"నీ ఒంటి మీద సొమ్ము నా కొంగున దాస్తివి. నీ పాపం నేనెందుకు మొయ్యాల?"

"ముందే చెప్పింటే, ఉంగరంతో మొక్కు తీరిపోయిందని బండిని వేసేవాణ్ణే కాదు కదే."

"అందుకే చెప్పలేదు" అని లడ్డు తుంచి నా చేతిలో పెట్టింది.

అదీ సంగతి. ఆ నీలం డబ్బా తెరిస్తే పడిపోయేది విలువ కాదు, నా పరువు. అందులో ఏమీ లేదు.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తా ఉండా. ఇకమీదట బండ్ల కోసం ఏ మొక్కూ మొక్కను. మొక్కినా రొంటిన ఏమీ దోపుకోను. దోపుకున్నా రాజమ్మను వెంట తీసుకోని పోను.

ఇంతవరకు రాసేసరికి ఆమె నా వెనక నిలబడి చదివి, "ఆ మూడోది కొట్టెయ్" అనింది. కొట్టేసినాను. మీకింకా కనిపిస్తా ఉంటే, అది అచ్చేసినోళ్ళ తప్పు.