పప్పుడబ్బా పక్కన మూడు లెన్సులు

పొద్దున లేవగానే బస్సులు తిరుగుతున్నాయా లేదా అని గోడ మీంచి తొంగిచూసి, ఆ తర్వాతే బియ్యం కడిగే రోజులవి. తెలంగాణ కోసం ఇవాళ బంద్ అంటే రేపు ధర్నా, ఎల్లుండి రాస్తారోకో. నాకప్పుడు అరవై. (నవ్వకండి. ఇప్పుడు మెట్టు దిగాలంటే గోడ పట్టుకుంటున్నదాన్ని, నాకు ఆ వయసు పడుచుతనమే.) నేను చదివింది మూడో తరగతి. అయినా దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంట్లో చెల్లేది నా మాటే. పారేసిన సామాను అనేది నా ఇంటి చరిత్రలో లేదు.

మా ఆయన బతికున్నన్నాళ్లూ చిన్న ఫోటో స్టూడియో నడిపాడు. ఆయన పోయాక కెమెరాలు అమ్మేశాం గానీ మూడు లెన్సులు మాత్రం నేనివ్వలేదు. స్టీలు డబ్బాలో పెట్టి వంటింటి అటక మీద కందిపప్పు డబ్బా పక్కన దాచాను. పప్పు పాడవకుండా ఏడాదికోసారి ఏం జాగ్రత్త చేసేదాన్నో వాటికీ అదే చేసేదాన్ని.

మా కూతురి కూతురు మా ఇంట్లోనే ఉండి డిగ్రీ చదివేది. ఎవరో వాడిన డిజిటల్ కెమెరా ఒకటి కొనుక్కుని, ఫోటోలు తీయడమే తన పని అని తీర్మానించుకుంది. సరిగ్గా అప్పుడే మా మేడ మీద కిరాయికుండే గుంటూరు వదిన కూతురికి నిశ్చితార్థం కుదిరింది. ఆదివారం, ఇంట్లోనే. "ఫ్లాష్ వెలిగిందంటే మా పిల్ల కళ్లు మూసేస్తుందండీ వదినగారూ. ఫ్లాష్ లేకుండా ఒక్క ఫోటో బాగా తీసి చూపించమనండి, మీ మనవరాలికే ఇస్తాను. లేదంటే మా తమ్ముడు స్టూడియోవాళ్లను మాట్లాడేస్తాడు," అంది. పిల్లకు అది మొదటి పని. రాత్రంతా గెంతింది, పొద్దున్నే మొహం వేలాడేసింది. "దీనితోని ఒచ్చిన లెన్సుకు ఆ ఇంట్ల వెలుతురు చాలదు అమ్మమ్మా. కొత్తది కొనాలె."

"ఇంట్ల మూడు పెట్కొని కొత్తదా? మీ తాత చీకటి పందిళ్లల్ల గీటితోనే పెండ్లిళ్లు తీసిండు!"

కోఠీలో ఒక రింగు దొరికింది. పాత లెన్సుకూ కొత్త కెమెరాకూ వియ్యం కలిపేది అదేనట. ఆ లెన్సుల్లో జూమ్ ఉండదు, దగ్గరగా కావాలంటే మనమే ముందుకు నడవాలి. (నాకది నచ్చింది. కాళ్లున్నవి ఎందుకు మరి?) పాత పేపరొకటి అన్నం మెతుకులతో గోడకు అంటించాను. పిల్ల ఫోటో తీయాలి, కెమెరా వెనక తెర మీద నేను అక్షరాలు కూడబలుక్కుని చదవాలి. నేను చదవగలిగితే లెన్సు పాసు. మొదటిది పెట్టి తీస్తే అక్షరాలన్నీ పొగలో మునిగాయి. రెండోదీ అంతే. మూడోది పెట్టేసరికి గుంటూరు వదిన మెట్లు దిగుతోంది. ఆమెనే తీసింది పిల్ల. వదిన తెరలోకి చూసుకుని అదిరిపడింది. "ఓరి దేవుడో, నా మొహం చుట్టూ ఆ వెలుగేంటమ్మా? బతికుండగానే పటం కట్టేశావా!"

నేను ఊరుకుంటానా? "నీ చెయ్యి వణుకుతున్నది. మీ తాత ఊపిరి బిగబట్టి తీస్తుండె," అన్నాను. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒక్క లెన్సు పాడైతది గని, మూడుకు మూడు పాడైతయా? తప్పు నాదే. పైన ఆంటీకి వేరేటోళ్లను చూస్కోమని చెప్పు." కెమెరాను పెట్టెలో పెట్టి మూత వేసింది. ఆ మూత చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మర్నాడు బంద్. ఎల్బీనగర్ చౌరస్తాలో వంటా వార్పు, అంటే రోడ్డు మీదే వండుకుని రోడ్డు మీదే తినడం. పప్పు నా వంతు. "ఇంట్ల కూసొని ఏడిస్తే ఏమొస్తది? కెమెరా పట్కొని నడువ్," అని పిల్లను లేపాను. చైతన్యపురి మీదుగా నడిచిపోయాం. బస్సులు లేకపోతే ఆ రోడ్డు ఎంత వెడల్పో అప్పుడు తెలిసింది. అక్కడ రాళ్లపొయ్యి మీద పెద్ద గంజు పెట్టారు. నా సంచిలోంచి పప్పు తీయగానే మా గల్లీ చివరింటి చెల్లె అందరికీ వినపడేలా అరిచింది. "అక్కా, నీ డబ్బల కెళ్లి పప్పు బయటికొచ్చిందంటే ఇగ తెలంగాణ ఒచ్చినట్టే!"

"నవ్వింది చాలు గని నీళ్లు పొయ్యి. మంచిగ కడగాలె, పురుగు పట్టొద్దని ఆముదం పట్టించిన పప్పు ఇది," అంటూ చేతులు పెట్టి రుద్దాను. నీళ్ల మీద నూనె కళ్లు కళ్లుగా తేలింది. వెనక నిలబడ్డ పిల్ల మొహం అందులో మసకమసకగా కనిపించింది. నా చెయ్యి ఆగిపోయింది. అటక మీద డబ్బా పక్కన డబ్బా. అదే రోజు, అదే గిన్నె, అదే చెయ్యి.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. (మూసుకుందామనే అనుకున్నాను, దాచను.) కానీ పిల్ల కెమెరాను సంచిలోంచి కూడా తీయకుండా నిలబడి ఉంది.

"పిల్లా, ఇట్ల రా. నీ చెయ్యి మంచిగనే ఉన్నది."

"మరి?"

"లెన్సులకు ఆముదం పెట్టిన."

"ఏం పెట్టినవ్?"

"ఆముదం. పప్పుకు పెట్టినట్టే, ముందట ఎన్క. మీ తాత పోయిన సంది ఏటేటా."

అది నడిరోడ్డు మీద కూలబడి నవ్వింది చూడండి! నినాదాలిచ్చేవాళ్లు కూడా ఆగి చూశారు. చివరింటి చెల్లె ఊరుకుంటుందా? "ఇంక నయం, బావకు పట్టియ్యలే!" అంది.

ఊరంతా బంద్ అయినా మందుల షాపు తెరిచే ఉంటుంది. స్పిరిటూ దూదీ తెచ్చి, పిల్ల కెమెరాకున్న లెన్సును పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచింది. నన్నొక ఫోటో తీసింది, రోడ్డుకు అడ్డంగా కట్టిన బ్యానర్‌ను ఒకటి తీసింది. "సదువు అమ్మమ్మా." పైన 'జై తెలంగాణ' అని ఉంది. అది నేను కళ్లు మూసుకుని కూడా చదవగలను కాబట్టి, న్యాయంగా ఉండాలని కింది చిన్నక్షరాలు చదివాను. 'వంటా వార్పు. అందరూ రండి.' పాసు!

సాయంత్రం మేడెక్కాక గానీ నాకు తట్టలేదు, ఆ గుంటూరు ఇంట్లో మేం చూపించబోయే నమూనా ఏమిటో. నన్ను తీసినదేమో పిల్ల చూడనివ్వలేదు, ఇక చూపించడానికి ఉన్నది బ్యానరే. వదిన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. పిల్ల ఊపిరి బిగబట్టింది (వాళ్ల తాత లాగే). "అక్షరం అక్షరం విడివిడిగా కనబడుతోందమ్మా," అంది వదిన చివరికి. "అందులో రాసిన మాట సంగతి మీరూ మా ఆయనా తీరిగ్గా తేల్చుకోండి వదినగారూ. ఆదివారం పొద్దున్నే తొమ్మిదింటికి పిల్లను పైకి పంపండి."

ఆదివారం పెళ్లికూతురు ప్రతి ఫోటోలోనూ కళ్లు తెరుచుకునే ఉంది. ఇప్పుడు మా పిల్లకు చైతన్యపురిలో సొంత స్టూడియో ఉంది. ఆ మూడు లెన్సులూ అక్కడే ఉన్నాయి. చెప్పుల డబ్బాల్లో వచ్చే తెల్ల పొట్లాలు, అదే తేమ పీల్చేవి, కాలనీ అంతా అడిగి పోగుచేసి వాటి పక్కన నేనే పెడతాను. ఆముదం పప్పుకే.

స్టూడియో గోడ మీద ఆ రోజు నన్ను తీసిన ఫోటో ఉంది. చేతులు మోచేతుల దాకా పప్పులో పెట్టి, నోరు తెరిచి ఎవరినో తిడుతున్నాను. వేళ్ల సందుల్లో పప్పుబద్దలు కూడా స్పష్టంగా ఉన్నాయి. ఎవరిని తిడుతున్నానో గుర్తులేదు. వెళ్లినప్పుడల్లా దాని ముందు కాసేపు నిలబడతాను. అరవై ఏళ్ల ఆ పిల్ల భుజం తట్టి, "జర మెల్లగ తిట్టవే, తప్పు నీదే," అని చెప్పాలనిపిస్తుంది. వింటుందా? వినదు.