కాలవ గట్టు మీద కాకా హోటలు

మా మనవరాలు స్నేహితురాళ్ళతో కొరియా దేశం చూసివస్తానని బయలుదేరే ముందు వారం రోజులూ, గవర్నర్‌పేటలోని మా ఇంట్లో నా మంచం పక్కన కూర్చుని, ముక్కూమొహం తెలియని వాళ్ళు ఫోనులో రాసిన సలహాలు చదివి వినిపించేది. ఫలానా కొండ దిగి బస్టాపు వెనక సందులోకి తిరిగితే బోర్డు లేని ఇల్లొకటి ఉంటుందట, అందులో ఓ ముసలావిడ ఎండుచేపల పులుసు ఒక్కటే వండుతుందట. వానొస్తే పై దారి జారుతుంది గనక వాగు పక్క దారి పట్టమని ఇంకొకరట. ఊరికే చెప్పడానికి వీళ్ళకేం పనీపాటా లేదా అని కసిరాను. "వాళ్ళకీ ఎవరో చెప్పినవే కదా నానమ్మా!" అని నవ్వేసింది. ఫాను వేస్తే కరెంటు దండగని నేను విసురుకుంటున్న విసనకర్ర అక్కడే ఆగిపోయింది.

మూడో తరగతితో బడి మానిన నేను, పెళ్ళయ్యాక సముద్రపుటొడ్డున ఉన్న మా ఊరి నుంచి బస్సులో వచ్చి, ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని పామర్రు చుట్టుపక్కల పల్లెలన్నీ కాలవ గట్ల వెంట తిరిగి అమ్మేదాన్ని. ఆ రోజులు ఎరిగినవారికి చెప్పనక్కర్లేదు, గంప వాసనకు ఏ హోటలు వాళ్ళూ మమ్మల్ని లోపల కూర్చోనిచ్చేవారు కాదు. అటువంటిది, తాటితోపులోంచి పోయే అడ్డదారి చివర, గట్టు మీద ఓ ముసలి బూబమ్మ నడిపే కాకా హోటలు నా కంటబడింది. ఆవిడ గంపను తన చూరు కిందే దింపించి, బల్ల మీద కూర్చోబెట్టి, వేడన్నంలో వంకాయ పులుసు పోసేది. నాకిష్టమని అన్నం గిన్నె అడుగున మాడిన చెక్క విడిగా తీసి ఉంచేది.

ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు. కొత్తగా గంప ఎత్తిన నా తోటికోడలు, "అక్కా, మజ్జానం ఏడ తింటన్నావే?" అని అడిగితే, "తిండేంటే, నీళ్ళు తాగి నడవటమే" అన్నాను. పదిమందికీ తెలిస్తే ఆ దారిలోని బేరాలన్నీ పంచుకోవాల్సొస్తుందని, నా బల్ల ఇరుకవుతుందని నా భయం. పిచ్చిది, నా మాట నమ్మి అదీ తినకుండానే నడిచేది.

వైశాఖం ఎండల్లో ఒకనాడు రోడ్డు మీద గంపతో సహా పడిపోయింది. ఎవరో బండాయన చూసి, దగ్గర్లో ఉందని ఆ బూబమ్మ దగ్గరకే చేర్చాడట. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా నా దగ్గరకే పరిగెత్తుకొచ్చింది. "అక్కా, నీకో చోటు చెప్తా! బల్ల మీద కూకోబెట్టి పెడతాదే. ఇంక నువ్వు కడుపు మాడ్చుకోమాక."

ఆ చోటు తెలియనిదాన్లాగే ఊఁ కొట్టాను.

మర్నాడు అదే నా చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్ళింది. బూబమ్మ నన్ను చూసి, దాన్ని చూసి, నన్నెన్నడూ ఎరగనట్టే, "కొత్తమ్మ లాగుందే, రామ్మా, కూర్చో" అంది. వడ్డించేటప్పుడు మాత్రం అలవాటున మాడుచెక్క నా ఆకులోనే పెట్టింది. తోటికోడలు గమనించిందో లేదో తెలియదు. తల వంచుకుని అన్నం కలుపుకుంటోంది. నెల తిరిగేసరికి దాని నోటి చలవన మా ఊరి గంపలన్నీ ఆ చూరు కిందకే చేరాయి. నేననుకున్నట్టే బల్ల ఇరుకైంది, బేరాలూ తగ్గాయి, కానీ అంత నవ్వుతూ అన్నం తిన్న రోజులు నాకు మళ్ళీ రాలేదు.

ఇప్పుడా గట్టు తారురోడ్డయింది, తోపు చేపల చెరువైంది. తోటికోడలు నిరుడు పోయింది. నిజం చెప్పేద్దామనుకున్నా, ఎన్నోసార్లు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఒకే పొయ్యి మీద వండుకున్న మనిషికి నేను దాచిన సంగతిలాంటిది, ఈ కాలం పిల్లలు ఊరూపేరూ తెలియని వాళ్ళకు అడగకుండానే చెప్పేస్తున్నారు. మొన్న మనవరాలు కొరియా నుంచి ఫొటో పంపింది, పొగలు కక్కే పులుసు గిన్నె, ఓ చెక్కబల్ల. తిన్న చెయ్యి ఆరకముందే ఆ తోవంతా అందరికీ రాసేసిందట. ఈసారి నేను కసరలేదు. ఆ బల్ల మీద ఇంకొకరికి చోటుందా అని, కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాను.