ఉపగ్రహానికి బొట్టు

సింగపూర్‌లో తయారై నింగికెళ్ళిన ఒక ఉపగ్రహానికి బొట్టు పెట్టి సాగనంపినవాణ్ణి నేను. మా బెడోక్ పేటలో తిండి అంగళ్ళన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో కాఫీ తాగే చీనా తాతలకు ఈ సంగతి చాలాసార్లు చెప్పాను. బొట్టంటే ఏమిటో వాళ్ళకు తెలియదు కనుక ఎవరూ కాదనలేదు.

ఓడల మరమ్మతులో ఫిట్టర్‌గా ఈ ఊరొచ్చాను. రిటైరయ్యాక చాంగీ వైపు ఒక చిన్న కంపెనీ ల్యాబ్‌లో వాక్యూమ్ పంపు చూసుకునే పని దొరికింది. అక్కడ తయారయ్యేది అగ్గిపెట్టెంత ఇంజను. అందులోకి కాస్త గ్యాసు వదిలి కరెంటిస్తే, అది ప్లాస్మాగా మారి వంగపువ్వు రంగులో వెలుగుతూ వెనక్కి చిమ్ముతుంది. దాని తోపు ఎంతంటే, అరచేతి మీద దోమ వాలినంత. కానీ పైన గాలి లేదు, అడ్డు లేదు. నెలల తరబడి అలా తోస్తూ పోతే చిన్న ఉపగ్రహం దారి మారుతుంది. ఆ పైనున్న శూన్యాన్ని ఇక్కడ ఒక ఉక్కు పీపాలో కల్పించడం నా పంపు పని.

ల్యాబ్‌లో తెలుగు వచ్చినది ఒక్క అనంతపురం అమ్మాయి, ఇంజనీరు. మా ఆవిడ పోయాక ఫ్లాట్‌లో నోరు విప్పే పనే లేకపోయింది. ల్యాబ్‌లో మాత్రం పొద్దస్తమానం ఆ అమ్మాయితో తెలుగులో కబుర్లే.

ఆఖరి పరీక్ష రోజు వచ్చింది. ఇంజను వెలిగితే ఉపగ్రహంలోకి ఎక్కుతుంది. వెలక్కపోతే ల్యాబ్ మూత, మళ్ళీ ఆ ఫ్లాట్ గోడలూ నేనూ. మా ఆవిడ రైస్ కుక్కర్ కొన్నా బొట్టు పెట్టందే స్విచ్ వేసేది కాదు. ఆమె కుంకుమ భరిణె జేబులో వేసుకుని వెళ్ళాను. పీపా తలుపు మూయబోతుంటే వేలు కుంకుమలో అద్ది ఇంజను వైపు చెయ్యి చాపాను. అమ్మాయి మణికట్టు పట్టుకుంది. ఒక్క రేణువు లోపల పడినా అందరి కష్టం బూడిదవుతుందని, గొంతు పెంచకుండానే చీవాట్లు పెట్టింది.

అంచేత, ఉపగ్రహానికి పెట్టానన్నది ఉత్త కోతే. దాన్ని నేను కళ్ళతో చూడనే లేదు. ఇంజనుకూ పెట్టలేదు. పీపా తలుపుకు, బయటివైపు పెట్టాను.

ఇంజను వెలిగింది. ల్యాబ్ నిలిచింది, నేను నిలవలేదు. కొత్త పంపు తెచ్చారు. దానికి నూనె పొయ్యక్కర్లేదు, పక్కన మనిషి ఉండక్కర్లేదు.

చీనా తాతలు కూడా నా ఉపగ్రహం విని విని వేరే బల్లకు మారిపోయారు. ఇప్పుడు రోజూ ఎదుటి కుర్చీ ముందు ఒక టిష్యూ ప్యాకెట్ పెడతాను. ఇక్కడ అలా చోప్ చేస్తే, అంటే చోటు పట్టి ఉంచితే, అక్కడ ఇంకెవరూ కూర్చోరు. ఎవరో వస్తున్నట్టే ఉంటుంది.

మొన్న నిజంగానే ఆ అమ్మాయి వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. ఇదిగో, ఇంతవరకు రాసినదంతా పైకి చదివి వినిపించాను. కబుర్ల దగ్గర నవ్వుతుందనుకున్నాను. కాఫీ గ్లాసు పక్కకు జరిపింది.

“తలుపుకు నేను యాడ పెట్టనిచ్చినా అంకుల్? మీరు బొట్టు పెట్టింది పంపుకు. ఆ పాత దానికి. కబుర్లని రాసినారే, నేను చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకొని నా పని చేసుకుంటాంటి. మీరు దినామూ మాట్లాడ్తాన్నింది దాంతోనే.”