మెరుగులమ్మ బొటనవేలు

మెరుగులమ్మ తన మాట తానే వెనక్కి తీసుకోవడం ఆ రోజు దాకా ఎవరూ చూసి ఎరగరు.

పన్నెండో ఏట సాన చక్రం ముందు కూర్చున్న మనిషి. ఆ పని పట్టి యాభై ఏళ్లయింది. నగలో పొదిగే రాయికి మెరుగు వచ్చిందో లేదో చూడ్డానికి ఆమెకు లైటు అక్కర్లేదు. కళ్లు మూసుకుని బొటనవేలితో ఒక్కసారి రాస్తుంది. అయిందంటే అయినట్టే. కాలేదంటే ఎంత మొత్తుకున్నా కానట్టే.

ఈ మధ్య వస్తున్న రాళ్లు మాత్రం పేచీకోరువి. పచ్చటి రాయిలో అక్కడక్కడా ఎర్రటి మచ్చలు. పచ్చ మెత్తన, ఎరుపు ఉక్కు. సాన పట్టేకొద్దీ పచ్చ కుంగిపోయి ఎరుపు మొటిమల్లా పైకి లేస్తుంది. రెండుసార్లు సరుకు మొత్తం తిరిగొచ్చింది. మూడోసారి కూడా ఇంతే అయితే పని ఇంకొకరికి ఇచ్చేస్తానని రాళ్లు పంపే నగల షాపాయన తేల్చి చెప్పాడు.

మెరుగులమ్మ తప్పంతా కోడలి నెత్తిన రుద్దింది. "మొటిమలు రాయికి కాదే, నీ చేతికి! రేపట్నుంచి చక్రం ముట్టుకోకు."

పెళ్లయిన దగ్గర్నుంచీ కోడలు నేర్చుకున్నది ఆ ఒక్క పనే. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. "రెండుసార్లూ వేలితో చూసి సరే అన్నది మీరే కదా అత్తయ్యా."

రాళ్లు కోసే మెరుగులమ్మ తమ్ముడు చెప్పుల కోసం వెతుక్కున్నాడు. "అక్కా, నాకు బజార్లో పనుంది."

"కూర్చోరా! నువ్వే సాక్షివి. ఒక రాయి నేను పడతాను, ఒకటి ఇది పడుతుంది."

మెరుగులమ్మ ఎప్పట్లాగే మెత్తటి తోలు చక్రం మీద తీరిగ్గా పట్టింది. కోడలు గట్టి చెక్క చక్రానికి వజ్రప్పొడి రాసి, చేయి బరువు వేయకుండా నాలుగు తిప్పులు తిప్పి తీసేసింది.

"ఎవరో తరుముతున్నట్టు ఏం పనే అది!" అని మెరుగులమ్మ కళ్లు మూసుకుని తన రాయి తడిమింది. "అద్దం." కోడలి రాయి కూడా తడిమింది. ఇష్టం లేకపోయినా, "ఇదీ అద్దమే" అంది.

"ఇద్దరూ గెలిచారు, టీ పెట్టండి" అన్నాడు తమ్ముడు.

కోడలు రెండింటినీ ట్యూబులైటు కింద పట్టింది. తన రాయిలో లైటు నీడ తీగలా తిన్నగా ఉంది. అత్తగారి రాయిలో ముక్కలు ముక్కలైంది. తమ్ముడు ఆ రాయిని పెదవికి ఆనించుకున్నాడు. మొహంలో నవ్వు ఎగిరిపోయింది. "అక్కా... గరగరలాడుతోందే! నీకు తెలీలేదూ?"

మెరుగులమ్మ లాక్కుని తన పెదవికి ఆనించుకుంది. ఒక్కో మొటిమా తగిలింది. మళ్లీ వేలితో రాసింది. ఏమీ లేదు. బల్ల అంచు తడిమింది, తలుపు చెక్క తడిమింది, చివరికి గోడ తడిమింది. అన్నీ నున్నగానే ఉన్నాయి. బొటనవేలిని లైటు కింద పెట్టి చూసింది. ఒక్క గీత లేదు. అరిగి నిగనిగలాడుతోంది.

"ఎప్పట్నుంచి?" అంది. ఎవరిని అడిగిందో ఆమెకే తెలియదు. చక్రం ముందు కూలబడింది.

కోడలు తన రాయిని కొంగులో దాచేసింది. గెలిచినందుకు తలెత్తలేకపోయింది.

సాయంత్రం షాపాయనకు పంపాల్సిన పొట్లం బల్ల మీద కట్టి ఉంది. అందులో ప్రతి రాయీ ఆ వేలు సరేనన్నదే. మెరుగులమ్మే లేచి ముడి విప్పి, రాళ్లన్నీ లైటు కింద ఒంపింది.

"వేలితో కాదే, కళ్లతో చూడు. బాగాలేనివి నా వైపు తోసెయ్."

కోడలు ఒకటి తోసింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత తలెత్తకుండా తోస్తూనే ఉంది.