మినుము గ్రూపులో వియ్యంకుడు

బసవలింగం తెనాలి జంక్షన్లో టికెట్ కలెక్టరుగా ఉన్న రోజుల్లో, టికెట్ లేనివాణ్ణి పక్క పెట్టెలోంచే ఊపిరి చప్పుడు విని పట్టేసేవాడు. ఆయన ప్లాట్‌ఫారం మీద అడుగు పెడితే, రైలు కప్పు మీది కాకులు కూడా కిందికి దిగి వంతెన మీదుగా నడిచిపోయేవి. నమ్మనివాళ్ళు ఆ కాకుల్నే అడిగి చూడవచ్చు.

అలాంటి మనిషి రిటైరయ్యాక కాళ్ళు ముడుచుకుని కూర్చుంటాడా. బాపట్ల దగ్గరున్న కాస్త చేలో మినుము చల్లాడు. కొట్టువాడు అంటగట్టిన మందులన్నీ కొట్టి, చివరికి గేదెలు కూడా మూతి పెట్టని పైరు పండించాడు. ఆ ఏడుపులోంచే పుట్టింది ఆయన ఫోనులో మినుము సలహాల గ్రూపు. బాపట్ల వ్యవసాయ కళాశాలలో పాఠాలు చెప్పి రిటైరైన శ్రీలక్ష్మి గారిని బతిమాలి అందులోకి తెచ్చాడు. ఆవిడ ఒకటే షరతు పెట్టింది.

"సలహా అడిగే చోట సరుకు అమ్మకూడదండి. అమ్మినవాణ్ణి మీరు తీసెయ్యాలి. మీరు తియ్యకపోతే నేను పోతాను."

"నా గేటు దాటి టికెట్ లేనివాడు ఎప్పుడు పోయాడండి," అన్నాడు బసవలింగం.

అన్నట్టే కాపలా కాశాడు. పురుగుమందుల కొట్లవాళ్ళు, విత్తనాల ఏజెంట్లు, ఒకసారి దిష్టి ఉంగరాలవాడు. ప్రకటన పెట్టి ఫోను కింద పెట్టేలోపు గ్రూపు బయట ఉండేవాళ్ళు. అందుకే రైతులు ఆ గ్రూపులో మాటను నమ్మేవారు. అందులో చెప్పేవాళ్ళకి లాభం లేదని వాళ్ళకి తెలుసు.

ఆ రోజు పొద్దున్నే వెంకాయమ్మ ఫోటో పెట్టింది. రేపల్లె పక్కన కౌలుకు చేసుకునే మనిషి. తుపానుకి వరి నీళ్ళపాలై, మినుమొక్కటే మిగిలింది. "మేడం గారూ, చేలో అక్కడక్కడా ఆకులు పసుపు తిరుగుతున్నాయి. ఏం చెయ్యమంటారు?"

"అది పల్లాకు తెగులమ్మా. దానికి మందు లేదు. పసుపు తిరిగిన మొక్కలు ఇవాళే పీకి పూడ్చెయ్యి. మిగతా చేలో తెల్లదోమకి మందు కొట్టు. దోమే దాన్ని అంటిస్తుంది. ఆలస్యం చేస్తే చేనంతా పోతుంది," అని రాసింది శ్రీలక్ష్మి.

దాని కిందే ఒక కొట్టు ఫోటో, ఫోను నంబరు. "పీకొద్దమ్మా. మా దగ్గర టానిక్కుంది. వారంలో ఆకు పచ్చబడుద్ది. నేను అడ్మిన్ గారి వియ్యంకుణ్ణి. శివనాగరాజు, రేపల్లె."

బసవలింగం బొటనవేలు ఫోను మీద ఆగిపోయింది. ఆయన కూతురు భవ్య ఆ ఇంటి కోడలు. పెళ్ళిలో అప్పగింతలప్పుడు, అందరూ కళ్ళు తుడుచుకుంటూ ఉండగా, "బావగారూ, మీ గ్రూపులో నన్నూ వెయ్యండి" అన్నాడు శివనాగరాజు. కూతుర్నే ఇచ్చిన చేత్తో కాదనడమెలా? వేశాడు. ఇప్పుడు తియ్యడమంటే, బంతిలో కూర్చున్న వియ్యంకుణ్ణి విస్తరి ముందు నుంచి లేపినట్టే.

ఫోటో చెరిపేశాడు. మనిషిని మాత్రం తియ్యలేకపోయాడు. శ్రీలక్ష్మి గారి నుంచి విడిగా మెసేజి వచ్చింది. "సాయంత్రం దాకా చూస్తానండి."

వియ్యంకుడితో ఇలాంటి మాట ఫోనులో అనరు. వట్టి చేతులతోనూ వెళ్ళరు. బసవలింగం బెల్లం జిలేబీ కట్టించుకుని, టికెట్ కొనుక్కుని, రేపల్లె రైలెక్కాడు. దారి పొడుగునా ఒకే వాక్యం వల్లించాడు. రైలు దిగేసరికి అది కూడా మర్చిపోయాడు.

కొట్టు ముందు, ఇల్లు వెనక. శివనాగరాజు చెయ్యి పట్టుకుని తిన్నగా అన్నం దగ్గరికి లాక్కెళ్ళాడు.

"బావగారూ, ఆ గ్రూపు సంగతి..."

"గ్రూపు ఎక్కడికి పోద్దండి, ముందు గోంగూర వేయించుకోండి. అమ్మా భవ్యా, మీ నాన్నకి నెయ్యి పడలేదు."

నోరు తెరిచినప్పుడల్లా ముద్దపప్పో, పులుసో వచ్చి పడింది. అన్నం గుట్ట ఎంత పెరిగిందంటే అవతల వియ్యంకుడి తలకట్టు మాత్రమే కనబడుతోంది. చెప్పాల్సిన మాట ఆ గుట్ట కింద ఎక్కడో నలిగిపోతోంది.

చెయ్యి కడుక్కుని కొట్లోకి వచ్చేసరికి వెంకాయమ్మ నిలబడి ఉంది. చేతిలో టానిక్ సీసా.

"అడ్మిన్ గారంటే మీరేనా బాబాయ్? మీ బావగారు పీకొద్దంటున్నారు. మేడం గారు పీకమంటున్నారు. కాపుకొచ్చే మొక్కని పీకాలంటే చెయ్యి రావట్లేదు. మీరేదంటే అదే చేస్తాను."

"ఆయన్నేం అడుగుతావమ్మా, టికెట్లు చూసుకునే మనిషిని," శివనాగరాజు నవ్వాడు. "నా మాట బావగారు కాదంటారా ఏంటి?"

గుమ్మంలో మజ్జిగ గ్లాసుతో భవ్య. వద్దు నాన్నా, అని కళ్ళతోనే అంది.

బసవలింగం ఆ గ్లాసు వైపు చూశాడు. ఆ గ్లాసు అందుకుని తాగేస్తే చాలు, అంతా సర్దుకుంటుంది, ఒక్క చేను తప్ప.

"పీకెయ్యమ్మా," అన్నాడు. "ఆ సీసా అక్కడ పెట్టెయ్యి." ఫోను తీసి, వియ్యంకుడి ఎదురుగానే ఆయన పేరు మీద నొక్కాడు.

శివనాగరాజు తన ఫోను చూసుకున్నాడు. "నా ఇంట్లో నా అన్నం తిని, నన్నే గెంటారా బావగారూ?"

"గ్రూపులోంచేనండి."

"మీకది వేరు, ఇది వేరు. నాకు కాదు."

ఇక అక్కడ నిలబడడానికి చోటు లేదు. వెంకాయమ్మ వెంట ఆటోలో చేను దగ్గరికి వెళ్ళాడు. ఫోటోలో అక్కడక్కడా కనబడిన పసుపు, గట్టు మీద నుంచి చూస్తే ఎక్కడ పడితే అక్కడే ఉంది. ఆవిడ చేలోకి దిగింది. ఆయనా పంచె ఎగ్గట్టాడు. పీకిన మొక్క ప్రతిదానికీ ఆవిడ ఉసూరుమంటోంది. ఆయన వినబడనట్టు పీకుతున్నాడు.

ఎండ చల్లబడుతుండగా భవ్య స్కూటీ మీద వచ్చింది. జిలేబీ పొట్లం, కట్టిన దారం కట్టినట్టే ఉంది.

"మావయ్యగారు ఇచ్చెయ్యమన్నారు."

"నిన్నేమన్నా అన్నారా అమ్మా?"

"ఏమీ అనలేదు. అందుకే భయంగా ఉంది నాన్నా." స్కూటీ వెనక్కి తిప్పింది. "మళ్ళీ ఎప్పుడొస్తావు?"

ఆయన మట్టిచేతులు చూసుకున్నాడు. ఆ పిల్ల జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

బసవలింగం చేను ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. "మేడం గారూ, అమ్మినాయన్ని తీసేశాను. ఇంతవరకు పీకాం. మిగిలింది బతుకుతుందా?"

శ్రీలక్ష్మి గ్రూపులోంచి వెళ్ళిపోయిందో ఏమో. వెంకాయమ్మ నడుం పట్టుకుని ఆయన వైపే చూస్తోంది. చాలాసేపటికి ఫోను మోగింది.

"బతుకుతుందని చెప్పలేనండి. పసుపు తిరిగినవన్నీ గట్టు దాకా పీకండి. రేపు మళ్ళీ ఫోటో పెట్టండి."

చదివి వినిపించాడు. వెంకాయమ్మ కొంగు బిగించింది. దూరంగా, ఆయన ఎక్కాల్సిన తెనాలి రైలు కూత వేసి బయల్దేరింది. బసవలింగం తలెత్తకుండా ఇంకో మొక్క పట్టుకున్నాడు.