వంతెన ఎక్కని రెండు సైకిళ్ళు

మొన్న శనివారం నేను కాలవలో పడ్డానని రామచంద్రపురమంతా చెప్పుకుంటున్నారు. అబద్ధమండి. కాలవగట్టు కింద బురదలో పడ్డాను. అదెలాగో నా నోటితోనే చెప్తాను, వినండి.

మా మిషను బడి దొరగారు కొత్త సైకిలు తెప్పించుకుని, పాతది మాస్టర్లలో ఒకరికి ఇచ్చేస్తానన్నారు. రోజూ పల్లెబళ్ళకి మైళ్ళకి మైళ్ళు నడిచేది ఇద్దరం, నేనూ పేతురు మాస్టారూ. ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద, పైగా మోకాళ్ళ నొప్పి. ఎవరికివ్వాలో తేలక దొరగారు పందెం పెట్టారు. అరువు సైకిళ్ళ మీద లాకుల దగ్గర బయల్దేరి, వంతెన దాటి, ముందు చర్చికి చేరినవాడిదే సైకిలు. రూలు ఒక్కటే: కొత్తగా ఏదీ తగిలించకూడదు.

తగిలించకూడదన్నారు గానీ తగ్గించకూడదనలేదు కదా! ఓవర్సీరు గారిని అడిగి తెచ్చుకున్న సైకిలుని కమ్మరి వీరాచారి దగ్గరికి తీసుకెళ్ళాను. వెనక పళ్ళచక్రం తీసేసి చిన్నది వేస్తే, ఒక్క తొక్కుకి రెట్టింపు దూరం పోతుందన్నాడు. వేయించాను. ఎవరికీ చెప్పొద్దని బతిమాలితే ఒట్టు కూడా వేశాడు.

పందెం మొదలైంది. కదలడానికే నా ప్రాణం పోయింది. పక్కన పేతురు మాస్టారూ రొప్పుతున్నారు. పాపం, మోకాళ్ళు అనుకున్నాను. కాస్త సిగ్గేసింది కూడా. ఒకసారి వేగం అందుకున్నాక మాత్రం గట్టు మీద గాలిలా పోయాను.

అప్పుడు వచ్చిందండి వంతెన. సగం ఎక్కేసరికి పెడలు ఇక దిగనంది. ఎంత బలంగా తొక్కినా రాయే. సైకిలు ఆగి, మెల్లగా వెనక్కి జారింది. ఈ సైకిళ్ళకి చక్రం ఎటు తిరిగితే పెడళ్ళూ అటే తిరుగుతాయి కదా, నా కాళ్ళు నా మాట వినకుండా వెనక్కి తొక్కుతున్నాయి! వెనకాలే ఆగిపోయి ఉన్న పేతురు మాస్టారిని గుద్దాను. ఇద్దరం కలిసి గట్టు కిందకి దొర్లాం.

బురదలో కూర్చుని ఆయన నా వెనకచక్రం కేసి చూశారు.

"వీరాచారి పనే కదయ్యా ఇది?"

ఒప్పేసుకున్నాను. ఆయన తన సైకిలు తిప్పి చూపించారు. అచ్చం అలాంటి చక్రమే.

"నీకు చెప్పనని ఒట్టేశాడయ్యా," అన్నారు.

మాట తప్పలేదు, పాపం. ఇద్దరికీ చెప్పలేదు.

ఆయన మోకాలు వాచింది. భుజం ఆనించి దొరగారి దగ్గరికి నడిపించుకెళ్ళాను. ఇద్దరం ఉన్నదున్నట్టు చెప్పేశాం. దొరగారు సైకిలు ఇద్దరికీ కలిపి ఇచ్చేశారు, రోజు విడిచి రోజు.

నిన్న నా వంతు. వంతెన రాగానే మొన్నటి బురద గుర్తొచ్చి దిగి, హేండిలు పట్టుకుని నడిపిస్తున్నాను. ఎదురొచ్చిన ఒక రైతు ఆగి, "ఏమండీ మాస్టారూ, దాన్ని సంతకి తోలుకెళ్తున్నారా?" అన్నాడు.

అవునండీ అనేశాను. నిజం చెప్పడం కంటే అదే నయమనిపించింది.