పేరు వద్దన్న వ్యాసం

ఆస్పత్రికి పోస్టు పదకొండు గంటలకు వచ్చేది. 1968 వేసవి నాటికి డాక్టర్ నరసింగరావుకు ఆ వేళయిందంటే ఒళ్లు మండిపోయేది. అటెండరు గంగులు ఉత్తరాల కట్టలోంచి విదేశీ కార్డును విడిగా తీసి, జేబులో భద్రంగా పెట్టుకుని వరండాలో వచ్చేవాడు. వచ్చినవాడు తిన్నగా పోతాడా అంటే పోడు. పెద్ద డాక్టరు గుమ్మం దగ్గర ఆగి మరీ చెప్పేవాడు.

"సిన్న డాక్టరుబాబుకి మళ్లీ వచ్చినాదండి. ఈసారి స్టాంపు బిళ్ల మీద మంచుకొండలున్నాయి."

కార్డులన్నిటిలోనూ ఒకటే మాట. పేగు మెలిక మీద మీరు రాసిన వ్యాసం ప్రతి ఒకటి దయచేసి పంపగలరు అని. ఏడాదిలో అలాంటివి నలభైకి పైగా వచ్చాయి. చిన్న డాక్టరు కొండబాబు వాటిని చదువుకుని, ప్రతి ఒక్కరికీ తన చేత్తో చిరునామా రాసి వ్యాసం పంపేవాడు. పక్క గదిలో ఆ కలం చప్పుడు వినిపించకపోయినా నరసింగరావుకు వినిపించినట్టే ఉండేది.

చీపురుపల్లి స్టేషనుకు మైలు దూరంలో, ఒక గోగునార వ్యాపారి కట్టించిన ముప్ఫై పడకల ధర్మాసుపత్రి అది. నరసింగరావు అక్కడ చేరి పదిహేడేళ్లు. పాతపట్నం వైపు రైతు కుటుంబం వాళ్లది. కత్తి పట్టుకుంటే ఆయనంత వేగం, ఆయనంత నేర్పు జిల్లాలో మరొకరికి లేదని తోటి డాక్టర్లే ఒప్పుకునేవారు. కొండబాబు ఆయన కింద పని నేర్చుకోవడానికి 1960లో వచ్చాడు. భావనపాడులో పడవ నడిపే సూరయ్య కొడుకు. ఆ ఊరి నుంచి డాక్టరు చదువు చదివిన మొదటివాడు. ఆపరేషను గదిలో మాత్రం చెయ్యి నిదానం. నరసింగరావు గంటలో ముగించే పనికి అతనికి గంటన్నర పట్టేది.

ఆ ప్రాంతంలో పేగు మెలిక తరచుగా వచ్చేది. కొందరికి పెద్దపేగు చివరి భాగం మరీ పొడుగ్గా ఉంటుంది. అది తన చుట్టూ తాను తిరిగిపోతే గాలీ మలమూ కదలవు. పొట్ట డప్పులా ఉబ్బుతుంది. చూడకపోతే ప్రాణం పోతుంది. నరసింగరావు పొట్ట కోసి, మెలిక విప్పి, మళ్లీ కుట్టేసేవాడు. పన్నెండో రోజుకి రోగి నడిచి ఇంటికి వెళ్లేవాడు.

"నేను విప్పిన మెలిక మళ్లీ పడిన దాఖలా లేదు" అనేవాడాయన. "పడితే నా దగ్గరికే వచ్చేవాళ్లు కదా!"

కొండబాబు పాత రిజిస్టర్లు తిరగేసి పేర్లూ ఊళ్లూ రాసుకున్నాడు. సైకిలు కొన్నాడు. ఆదివారం వస్తే చాలు, ఎప్పుడో నాలుగేళ్ల కింద ఇంటికి వెళ్లిపోయిన రోగిని వెతుక్కుంటూ ఏదో ఒక పల్లెకు బయలుదేరేవాడు. ఉన్నాడా, ఎలా ఉన్నాడు, మళ్లీ కడుపు ఉబ్బిందా అని అడిగి రాసుకునేవాడు.

"ఏమయ్యా, నీకు జనాభా లెక్కల ఉద్యోగం కూడా ఇచ్చారా?" అని నరసింగరావు అందరి ముందూ అనేవాడు. అందరితో పాటు కొండబాబూ నవ్వేసేవాడు.

ఆరేళ్ల తిరుగుడు తరవాత వ్యాసం తయారైంది. కొండబాబు కాగితాలు పట్టుకుని పెద్దాయన దగ్గరికి వచ్చాడు.

"సార్, ఆపరేషన్లు చాలామట్టుకు మీవి. మీ పేరు ముందు, నా పేరు వెనక పెడతాను."

నరసింగరావు చేతులు కడుక్కుంటున్నాడు. వెనక్కి తిరగనైనా లేదు. "ఊళ్లు తిరిగి రాసుకొచ్చిన కాగితాల మీద నా పేరెందుకు? నువ్వే పెట్టుకో" అన్నాడు. ఒక్క పుట కూడా చదవలేదు. వ్యాసం ఒక్క కొండబాబు పేరుతోనే అచ్చయింది.

ఇప్పుడు ఆయన్ని కాల్చేది అదే. ఎవరో మోసం చేసి ఉంటే తిట్టుకోవచ్చు. పిలిచి ఇస్తానన్నదాన్ని తనే కాదన్నాడు.

ఆగస్టులో తండ్రికి జ్వరమని కొండబాబు సెలవు మీద ఊరెళ్లాడు. ఆ వారమే మద్రాసు నుంచి ఒక కవరు వచ్చింది. పైన 'సర్జన్' అని మాత్రమే ఉంది. నరసింగరావు విప్పాడు. శస్త్రవైద్యుల సభలో కొండబాబు ప్రసంగించాలని ఆహ్వానం. ఇంగ్లండులో ఒక ప్రొఫెసరు తన కొత్త పుస్తకంలో కొండబాబు లెక్కల్ని ఉదహరించాడట. వాటిని చూశాక మెలిక విప్పి ఊరుకునే ఆపరేషను తమ ఆస్పత్రిలో మానేశామని సభ కార్యదర్శి రాశాడు. జవాబుకి మూడు వారాలు గడువు.

కవరును ఎక్స్‌రే ఫిల్ముల కింద సొరుగులో పెట్టాడు. కొండబాబు రాగానే ఇద్దామనుకున్నాడు. అతను వచ్చాడు. ఇవ్వలేదు. రేపు ఇద్దామనుకున్నాడు. రెండు వారాలు దాటిపోయాయి.

ఇంట్లో భార్య లక్ష్మీనరసమ్మ కంచం వైపు చూసింది. "ఏటండీ, అన్నం అలాగే ఉంచీసినారు?"

"కొండబాబు ఇంగ్లండు పుస్తకంలోకెక్కాడు."

"మంచిదే కదండీ. మీ సేతికింద నేర్సుకున్నోడు."

ఆయన కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాడు తన గది తలుపు వేసుకుని, రెండేళ్లుగా ముట్టుకోని ఆ వ్యాసాన్ని మొదటిసారి చదివాడు. తప్పు పట్టుకోవడానికే చదివాడు. మెలిక విప్పి వదిలేసినవాళ్లు ముప్ఫై ఎనిమిది మంది. వాళ్లలో పద్నాలుగు మందికి మెలిక మళ్లీ పడింది. తొమ్మిది మంది ఏ ఆస్పత్రికీ రాకుండా ఇంట్లోనే చనిపోయారు. కొండబాబు ముందు గొట్టం వేసి గాలి తీసేసి, వారం ఆగి, పొడుగ్గా ఉన్న పేగును కోసి కలిపినవాళ్లలో మెలిక ఎవరికీ తిరిగి రాలేదు. పేర్లు లేవు, నంబర్లే ఉన్నాయి. ఇరవై మూడో నంబరు దగ్గర ఆయన చూపు ఆగింది. చేపల వేట, ముప్ఫై నాలుగేళ్లు, ఆపరేషనయిన పద్నాలుగో నెలలో మరణం. మెలికతో వచ్చిన ఆ వయసు జాలరి ఒక్కడే, ఎర్రన్న. భావనపాడు ఎర్రన్న. కుట్లు విప్పిన రోజున కాళ్లకు దండం పెట్టి నవ్వుతూ వెళ్లినవాడు.

'అబద్ధం' అనుకున్నాడు నరసింగరావు. అనుకోగానే గుండెల్లో ఏదో తేలికైంది. ఎర్రన్న బతికుంటే చాలు, కొండబాబు లెక్క మొత్తం కూలిపోతుంది.

ఆదివారం పొద్దున్న పాసింజరెక్కి నౌపడలో దిగాడు. ఉప్పు మళ్ల మధ్య నుంచి జట్కాలో భావనపాడు చేరాడు. ఒకామె ఇసుకలో చేపలు ఆరబోస్తోంది. ఎర్రన్న ఇల్లెక్కడని అడిగాడు. ఆమె లేచి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"మీరు సీపురుపిల్లి పెద్ద డాక్టరుబాబు కదా! నాను గున్నమ్మని బాబూ, ఆడి పెళ్లాన్ని. ఆడింకెక్కడున్నాడు? ఎలిపోయి ఐదేళ్లయిపోనాది."

"ఎలా పోయాడు?"

"అదే కడుపు. ఏటకెళ్లి వచ్చి ఇలా పడుకున్నాడు, ఉబ్బీసినాది. రెండో రోజుకి అయిపోనాది."

"మళ్లీ నా దగ్గరికి ఎందుకు తేలేదు?" ఆయన గొంతు లేచింది.

గున్నమ్మ తెల్లబోయి చూసింది. "మీరు బాగుసేసీసినారు కదా బాబూ. ఇది ఏరే రోగమనుకున్నాం."

ఆమె పీట తెచ్చి వేసింది. కూచున్నాడు.

"సూరయ్య కొడుకొచ్చి ఇవన్నీ రాసుకున్నాడు" అంది. "పెద్ద డాక్టరు సరిగ్గా సెయ్యనేదేటిరా అని నాను అడిగినాను. 'పెద్ద డాక్టరుగారి సెయ్యి తప్పు కాదప్పా, ఆ ఆపరేసనే అంత, ఎవులు సేసినా అంతే' అన్నాడు."

కొండబాబు తన గురించి ఒక్క చెడ్డ మాట అని ఉంటే నరసింగరావుకు ఎంత హాయిగా ఉండేదో! తిరుగు రైల్లో కిటికీ పక్కన కూచుని, చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటూ వచ్చాడు. ఎర్రన్న కోసం ఏడవాలో, పడవవాడి కొడుకు ముందు ఓడిపోయినందుకు ఏడవాలో తెలియలేదు. ఓడిపోయిన బాధే ఎక్కువగా ఉందని తెలిసి సిగ్గుపడ్డాడు.

సోమవారం కవరు తీసుకెళ్లి కొండబాబు బల్ల మీద పెట్టాడు.

"ఇది నువ్వు ఊళ్లో ఉండగా వచ్చింది. నేనే ఉంచేశాను."

కొండబాబు చదివాడు. "గడువు మొన్నటితో అయిపోయింది సార్."

"తెలుసు."

"ఎందుకు సార్?"

"ఓర్వలేక" అన్నాడు నరసింగరావు.

కొండబాబు ముఖం ఎర్రబడింది. ఎనిమిదేళ్లలో మొదటిసారి, పెద్దాయన నిలబడి ఉండగానే గదిలోంచి వెళ్లిపోయాడు. రెండు రోజులు మాట్లాడలేదు. ఆ సోమవారం మధ్యాహ్నమే నరసింగరావు తపాలా ఆఫీసుకు స్వయంగా వెళ్లి మద్రాసుకు టెలిగ్రాం ఇచ్చాడు. ఆలస్యానికి కారణం నేను, డాక్టరు కొండబాబు తప్పక వస్తారు అని రాయించి కింద తన పేరు పెట్టాడు. రమ్మని జవాబొచ్చింది. కొండబాబు వెళ్లాడు. మూడు వందల మంది సర్జన్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారని గంగులు ఎక్కడో విని వచ్చి చెప్పాడు. నరసింగరావు వింటూ, అక్కర్లేని కాగితం ఒకటి నాలుగు మడతలు పెట్టాడు.

దసరా వెళ్లాక గురమ్మ అనే రైతుకూలీని పొట్ట ఉబ్బితే తీసుకొచ్చారు. నరసింగరావు కొండబాబును పిలిపించాడు.

"ఆ గొట్టం ఎలా వేస్తావో చూపించు."

కొండబాబు ఒక క్షణం ఆయన వైపు చూసి, చేతులు కడుక్కున్నాడు. మలద్వారం లోంచి గొట్టం నెమ్మదిగా పోనిచ్చాడు. ఒక్కసారిగా గాలి బుస్సుమని బయటికొచ్చింది. చూస్తుండగానే పొట్ట దిగిపోయింది. గురమ్మ కళ్లు తెరిచి "అమ్మయ్య, పేణం లేచొచ్చింది" అంది. ఎనిమిదో రోజున నరసింగరావు ఆమె పేగు కోసి కలిపాడు. కొండబాబు పక్కన నిలబడి సాయం చేశాడు. నలభై నిమిషాల్లో అయిపోయింది.

"నాకు గంటన్నర పడుతుంది సార్ ఇది" అన్నాడు కొండబాబు, మనస్ఫూర్తిగా.

ఆ మాట నరసింగరావు చాలా రోజులు దాచుకుని దాచుకుని తలుచుకున్నాడు. ఆ శీతాకాలం తనూ ఒక వ్యాసం రాశాడు. పత్రికవాళ్లు మర్యాదగా తిప్పి పంపారు. దిద్ది మళ్లీ పంపితే మళ్లీ తిరిగొచ్చింది. ఇంట్లో కూడా చెప్పలేదు.

1969 జూన్‌లో కొండబాబుకు విశాఖపట్నంలో చదువు చెప్పే ఉద్యోగం వచ్చింది. బయలుదేరిన ఆదివారం ఆస్పత్రి ఆస్పత్రంతా స్టేషనుకు వెళ్లింది. గున్నమ్మ భావనపాడు నుంచి వచ్చిందట. నరసింగరావు ఇంట్లోనే పడక్కుర్చీలో ఉండిపోయాడు.

"ఎళ్లనేదేటండీ?" అంది లక్ష్మీనరసమ్మ.

"ఆపరేషను ఉంది."

"ఆదోరం పూట ఏటి ఆపరేసను?"

"వెళ్తే అందరి ముందూ అతని మెళ్లో దండ వెయ్యాలి. ఎంత గొప్ప పని చేశాడో నాకు తెలిసినంతగా అక్కడెవరికీ తెలియదు. అయినా చెయ్యి లేవదు నాకు, ఏం చెయ్యమంటావు?"

లక్ష్మీనరసమ్మ గ్లాసులో మజ్జిగ పోసి తెచ్చి ఆయన పక్కన పెట్టి, అక్కడే గుమ్మంలో కూచుంది.